హైదరాబాద్ సేఫ్ అని ఏ లెక్కన అంటున్నాం?

ఉప్పల్_బండి:
ఆఫీస్‌లో పొద్దున్నుంచి ఇదే గొడవ. నేనైతే మన సిటీ సేఫ్ అనే అంటా. 2014 నుంచి ఆడవాళ్లని ఏడిపించేవాళ్లని పట్టుకునే పోలీస్ షీ టీమ్స్ ఉన్నాయి, గల్లీ గల్లీకి కెమెరాలు, నైట్ షిఫ్ట్ అయ్యాక గచ్చిబౌలి నుంచి ఉప్పల్ దాకా ఒక్కడినే బండి మీద వస్తా, ఇంతవరకు ఎవడూ ఏమీ అనలేదు. ఊరికే భయపడి చస్తారెందుకో జనం.

నాచారం_పిల్ల:
నాకూ ఏమీ కాలేదన్నా. ఎందుకంటే తొమ్మిది దాటితే నేను బయటే ఉండను, క్యాబ్ ఎక్కగానే అమ్మకి లొకేషన్ పెట్టాలి, డ్రైవర్ వినేలా "నాన్నా వచ్చేస్తున్నా" అని ఉత్తుత్తి ఫోన్ ఒకటి. ఇన్ని చేశాక ఏమీ జరగకపోతే అది సిటీ గొప్పతనం ఎలా అయితది? 2019లో దిశ కేసులో ఎఫ్‌ఐఆర్ రాయడంలో లేట్ చేశారని ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు, గుర్తుందా? పోకిరీల భయం ఒకటైతే, స్టేషన్‌కి పోతే ఏమంటారో అనేది ఇంకోటి.

లెక్కల_మాస్టారు:
దేశంలో నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లోకి వచ్చేది ఎఫ్‌ఐఆర్ అయిన కేసే. ఫోన్ కొట్టేసినా "పోయింది" అని రాసిచ్చి వచ్చేస్తే అది దొంగతనం కింద రానే రాదు. పైగా ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా పెద్దది ఒక్కటే లెక్కేస్తారు. గొలుసు తెంపుకుపోవడానికి పాత ఐపీసీలో విడిగా సెక్షనే లేదు, 2024 జూలై నుంచి దాని బదులొచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో సెక్షన్ 304 వచ్చింది, ఇక పాతదానికీ కొత్తదానికీ పోలికేం కుదురుద్ది. కేసులు పెరిగాయంటే కంప్లైంట్ ఇచ్చేవాళ్లు పెరిగి కూడా ఉండొచ్చు. అమెరికాలో 1973 నుంచి జనాన్నే అడుగుతారు, మీ మీద నేరం జరిగిందా, పోలీసులకి చెప్పారా, చెప్పకపోతే ఎందుకని. మనకి అలాంటి సర్వే ఏటా ఉంటే ఈ గొడవే ఉండదు.

కూకట్‌పల్లి_చాయ్:
మా పిన్ని స్నాచింగ్ భయంతో వాకింగ్‌కి పసుపుతాడుతోనే పోయేది. డబ్బు పోయింది మాత్రం ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు. వీడియో కాల్‌లో ఖాకీ డ్రెస్సేసుకుని ఎవడో డిజిటల్ అరెస్ట్ అన్నాడంట, అసలు చట్టంలో అలాంటి అరెస్టే లేదు, పాపం రోజంతా ఎవరికీ చెప్పకుండా తలుపేసుకుని కూర్చుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆపే ఛాన్స్ ఉంటది, మేం చేసేసరికి తెల్లారింది.

ఉప్పల్_బండి:
అది సైబర్ బ్రో, నేను మాట్లాడేది రోడ్ల గురించి. దానికి వేరే థ్రెడ్ వేయండి.

నాచారం_పిల్ల:
ఆ మాట వాళ్ల పిన్నికి చెప్పు. అన్నట్టు మీ నైట్ షిఫ్ట్‌లో అమ్మాయిలకి క్యాబ్‌తో పాటు ఎస్కార్ట్‌ని ఎందుకు పంపుతారో కూడా రేపు ఆఫీస్‌లో అడుగు.