గృహహింస చట్టం భర్తలకూ వర్తించాలా?

గోదావరి:
2005 గృహహింస చట్టం కింద భార్య ఫిర్యాదు చేయొచ్చు, భర్త చేయలేడు. 2016లో హీరల్ హర్సోరా కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టంలో ఎవరి మీద కేసు వేయొచ్చో చెప్పే చోట ఉన్న ‘వయోజన పురుషుడు’ అన్న మాటను కొట్టేసింది. దాంతో ఆడవాళ్ల మీద కూడా కేసు వేయొచ్చు, అయితే వేసేది మాత్రం మహిళే అయ్యుండాలి. మా బంధువు ఒకాయన భార్య చేతిలో దెబ్బలు తిని, ఆఫీసులో మెట్ల మీద జారిపడ్డానని చెప్పుకుంటాడు. అలాంటివాళ్లు ఎక్కడికి పోవాలి?

కృష్ణాతీరం:
ఆయన బాధ నిజమేనండీ. కానీ 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. వాళ్లకున్న చట్టాన్ని ఇద్దరికీ పంచితే, భార్య కేసు వేసిన మర్నాడే భర్త ఎదురు కేసు వేస్తాడు. రాజీకి ఒప్పించడానికి అదొక ఆయుధమైపోతుంది.

తుంగభద్ర:
ఎదురు కేసుల భయం నాకూ ఉంది. అందుకే ఆడవాళ్ల చట్టం జోలికి పోవద్దంటాను. అలాగని మగవాడికి ఇప్పుడున్న దారులు సరిపోతున్నాయని కూడా అనను.

క్రూరత్వం కారణంగా విడాకులు హిందూ వివాహ చట్టంలో ఇద్దరికీ ఉన్నాయి. కానీ ఈ రాత్రి దెబ్బలు ఆపడానికి విడాకుల కేసు పనికిరాదు. మామూలు దెబ్బలైతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 115(2) కిందికి వస్తాయి, మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. కత్తితో పొడిచినా, మరిగే నీళ్లు పోసినా సెక్షన్ 118. అప్పుడు నేరుగా ఎఫ్ఐఆర్ రాయాలి. అంటే ఒళ్లు కాలేదాకా ఆగాలన్నమాట! కొట్టకుండా ఆపే రక్షణ ఉత్తర్వు ఆడా మగా తేడా లేకుండా అడగడానికి విడిగా ఒక నిబంధన కావాలి.

ఈలోగా దెబ్బలు తినే మగవాళ్లేం చేస్తున్నారు? ఇంటికి ఆలస్యంగా వెళ్తారు, తాగుతారు, స్నేహితులకు దూరమవుతారు. నోరు విప్పితే తనమీదే కేసు పెడుతుందని టెన్షన్. భార్యను హింసించాడని భర్త మీద పెట్టే 498ఏ, అంటే ఇప్పటి బీఎన్ఎస్ సెక్షన్ 85 కింద ఫిర్యాదు రాగానే అరెస్టు చేయకూడదని 2014లోనే సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పులో చెప్పింది. ఇది తెలిస్తే సగం భయం పోతుంది.

మీ బంధువుకు చెప్పండి: తిరిగి చెయ్యెత్తొద్దు, గొడవ ముదిరితే ఇంట్లోంచి బయటికి వచ్చేయాలి. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు దెబ్బ ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పి రాయించుకోవాలి. మెట్ల మీద పడ్డానని రాయిస్తే రేపు కోర్టులో అదే అడ్డమొస్తుంది. ఒక్క మనిషికైనా విషయం తెలిసి ఉండాలి. మనసు కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

గోదావరి:
స్టేషన్‌లో నవ్వుతారనే ఆయన వెళ్లడం లేదండీ.

తుంగభద్ర:
నవ్వితే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగమనండి. 118 కింద నేరమై ఉండి కూడా తీసుకోకపోతే, ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు.

కృష్ణాతీరం:
విడి నిబంధన అయితే ఆలోచించొచ్చు. కానీ భార్య ముందే ఫిర్యాదు చేసి ఉంటే, తర్వాత వచ్చిన భర్త పిటిషన్‌ను కోర్టు ఎలా చూడాలో అందులోనే రాయాలి. అది లేకుండా తెస్తే నేను వ్యతిరేకిస్తాను.