నవంబరు మంచు మీద ఎక్కొచ్చా? అమెరికా వాయవ్య కొండలైన కాస్కేడ్స్‌లో తిరిగినవాళ్లు చెప్పండి

కొండపిచ్చి: అక్టోబరు చివర పడిన మంచు మీద వాన కురిసి పెంకులా గట్టిపడింది. మొన్నటి తుపానుకి దానిమీద ఇంకో 60 సెం.మీ. పడింది. మేం చూసుకున్నది ఉత్తరం వైపు వాలు, 35 డిగ్రీలుంటుంది. శనివారం ఇద్దరం స్కీలతో వెళ్తున్నాం. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లని పసిగట్టే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఉన్నాయి. ఫోటోలకని ఫోన్ బీకన్ పక్కనే ఛాతీ జేబులో పెట్టుకుంటా. ఆ పెంకుకి కొత్త మంచు అతుక్కుంటుందా?

మోకాలు_గోవిందా: అవలాంచ్ (మంచు చరియ జారడం) సంగతి తర్వాత, ముందు బండలు చూసుకోండి. పోయినేడాది ఇదే నెలలో పైకి పరుపులా తెల్లగా ఉంది. రెండో మలుపులో స్కీ ముక్కు మోడు కిందికి దూరింది. లిగమెంట్ తెగి సీజనంతా సోఫాలోనే.

పాతకాపు: సముద్రం దగ్గరి కొండల్లో మంచు తడిగా, బరువుగా పడుతుంది. రెండు రోజుల్లో జిగురులా పట్టేస్తుంది. పదిహేనేళ్లుగా తిరుగుతున్నా, కంగారొద్దు. ఫోన్ నాక్కూడా జేబులోనే ఉంటుంది.

వానచుక్క: ఫోన్ జేబులోనా! బీకన్ పనిచేసేది 457 కిలోహెర్ట్జ్ మీద. పక్కన ఫోనుంటే దానికి గోలే. మామూలుగా 20 సెం.మీ. దూరం, వెతికేటప్పుడు 50 సెం.మీ. ఉండాలి.

పాతకాపు: పుస్తకాల మాటలు. నాకెప్పుడూ ఏమీ కాలేదు.

వానచుక్క: మిమ్మల్ని ఎవరూ వెతకాల్సి రాలేదు కాబట్టి! ప్రాక్టీసులో సంచీలో బీకన్ పెట్టి పాతాం. జేబులో ఫోనున్న కుర్రాడి బీకన్ తెరమీద దూరం చూపే అంకె 12, 31, 8 అని గంతులేసింది. ఫోన్ తీసి పక్కన పెట్టాడు, కుదురుకుంది. కింద మనిషుంటే ఉండేది నిమిషాలే.

పాతకాపు: మీ బీకన్ పాతదై ఉంటుంది.

వానచుక్క: మూడు యాంటెన్నాలది, కొని ఏడాది కాలేదు. ఇంకేమైనా?

రైలుబండి: ఇదే కాస్కేడ్స్‌లో, వెల్లింగ్టన్ అనే ఊరి దగ్గర 1910 మార్చి 1న రెండు రైళ్లను మంచు లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు.

మోకాలు_గోవిందా: ఆయన నవంబరు గురించి అడిగితే మీరు మార్చికి వెళ్లారేంటండీ.

కొండపిచ్చి: అయ్యా, ఫోన్ సంచీలోకి పోయింది. నేనడిగింది పెంకు గురించి!

చక్కెరపొర: జిగురు మాట నిండు చలికాలానికి సరే. ఇప్పుడు మంచు పల్చన. నేల వెచ్చన, పైన చలి. మబ్బులేని నాలుగు రాత్రులు పడితే పెంకు దగ్గర మంచు చక్కెర పలుకుల్లా విడిపోతుంది. పిడికిట్లో ఉండ కట్టదు. దాని మీద 60 సెం.మీ. బరువు పడిందంటే నేను 30 డిగ్రీలు దాటను. నడుస్తుంటే కాలికింద 'వుంఫ్' మందా, కింది పొర కుంగినట్టే, వెనక్కి రండి. లేదంటే గుంట తవ్వి చూడండి.

కొండపిచ్చి: వెళ్లొచ్చాం. ఆ వాలుకి పక్కన, అదే ఉత్తరం వైపు కాస్త చదునుగా ఉన్నచోట తవ్వాం. మంచుని దిమ్మెలా కోసి, దాని మీద పార పెట్టి కొట్టా: మణికట్టుతో పది, ఏమీ లేదు. మోచేత్తో మూడోది వేయగానే పై దిమ్మె సొరుగు లాగినట్టు నున్నగా జారి నా ఒళ్లో పడింది. కింద పెంకు అద్దంలా మెరుస్తోంది, మీద చక్కెర. ఇక పైకి వెళ్లలేదు. చెట్ల మధ్య 25 డిగ్రీల్లోనే దిగాం.

పాతకాపు: 13 దెబ్బలకి జారిందంటే పట్టు మధ్యస్తమే. నేనైతే వెళ్లేవాణ్ణి.

వానచుక్క: ఫోన్ జేబులో పెట్టుకునా?

మోకాలు_గోవిందా: బండలు తగిలాయా?

కొండపిచ్చి: రెండు. స్కీ అడుగున బొటనవేలంత గాడి.