చీజ్‌బర్గర్ బురిటోలో గరం మసాలా వేస్తే అది చీజ్‌బర్గరేనా, ఖీమా రోలా?

మియాపూర్ మనిషి:
మా ఇంట్లో ఆదివారం మొదలైన పంచాయితీ ఇంకా తెగలేదు, మీరైనా తేల్చండి. డల్లాస్ నుంచి మా బావమరిది వచ్చాడు. అక్కడ చీజ్‌బర్గర్ బురిటో వారానికోసారి చేసుకుంటాడట. బర్గర్‌లో ఉండేవే అన్నీ: వేయించిన ఖీమా, చీజ్, పచ్చి ఉల్లిపాయ, వెనిగర్‌లో ఊరిన దోసకాయ ముక్కలు, సాస్. బన్ను బదులు పెద్ద మైదా రొట్టెలో పెట్టి, అంచులు మడిచి, పొట్లంలా చుట్టేయడమే. "దీనికింత బిల్డప్ ఎందుకురా, ఇక్కడే చేద్దాం" అని కిలో మటన్ ఖీమా తెచ్చాను. ఉప్పు, మిరియాల పొడి తప్ప ఇంకేమీ వేయొద్దని చెప్పి, ఫోన్ వస్తే వాడు బాల్కనీలోకి వెళ్లాడు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేసరికి మా అత్తగారు అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, గుప్పెడు కొత్తిమీర వేసి మూత పెట్టేశారు.

ప్లేట్లు ఖాళీ అయ్యాయి, ఆ మాట దాచను. కానీ వాడు మాత్రం "అమ్మా, ఇది బాగుంది గానీ చీజ్‌బర్గర్ కాదు, ఖీమా రోల్" అన్నాడు. "మసాలా లేకుండా మటన్ ఎవరు తింటారు, నీచు వాసన రాదూ" అని ఆవిడ. పైగా చపాతీలు చుట్టబోతే సగం చిరిగాయి. నా ఓటు బావమరిదికే, ఇంట్లో మాత్రం ఆ మాట అనే ధైర్యం లేదు. మీరేమంటారు?

టోలిచౌకి తిండిపోతు:
భయ్యా, అత్తగారు రైట్. హైదరాబాద్‌లో ఖీమా అన్నాక మసాలా పడాల్సిందే. పేరు మీద ఇంత లొల్లి ఎందుకు? లుఖ్మీ చూడండి, చూడ్డానికి నలుచదరపు సమోసా. అయినా మన దగ్గర దాని పేరు దానిదే, దాని మర్యాద దానిదే. మీరు చేసినదానికీ ఒక కొత్త పేరు పెట్టుకుని తినండి.

మియాపూర్ మనిషి:
కొత్త పేరు పెట్టుకోమంటే బావమరిది గెలిచినట్టే కదా అన్నా! వాడు అనేదీ అదే.

నాలుగో అంతస్తు:
అసలు చీజ్‌బర్గర్ అంటే బీఫ్. మటన్ పెట్టిన రోజే అది బర్గర్ కాకుండా పోయింది. మసాలా గురించి కొట్టుకోవడం దండగ.

బోయిన్‌పల్లి బండి:
ఆ లెక్కన మన దేశంలో సగం బర్గర్లకు పేర్లు మార్చాలి సార్. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మొదటి షాపు తెరిచిన రోజు నుంచీ బీఫ్ పెట్టలేదు. అయినా బర్గర్ అనే అన్నాం, అదే పేరుతో పిల్లలు మారాం చేశారు. మాంసం మారినా పేరు నిలిచింది. కాబట్టి ప్రశ్న ఏ జంతువు అని కాదు, తిన్నప్పుడు బర్గర్ గుర్తొస్తుందా లేదా అని.

పాలశాస్త్రం:
డెయిరీ ప్లాంట్‌లో పనిచేస్తాను, వంట కూడా నాదే. బోయిన్‌పల్లి గారి ప్రశ్న కరెక్ట్. నోట్లో పెట్టుకోగానే "బర్గర్" అనిపించేవి ఏవి? మాంసం ఎర్రగా మాడీ మాడనట్టు కాలిన రుచి, కరిగిన చీజ్ ఉప్పదనం, ఊరిన దోసకాయ పులుపు, ఆవఘాటు, పచ్చి ఉల్లి కరకర. వీటి మీద గరం మసాలా పడితే లవంగం, యాలకులు ముందుకొచ్చి నిలబడతాయి, మిగతావన్నీ వెనక్కి పోతాయి. అందుకే నేను బావమరిది పార్టీ.

అయితే ఒక మాట. మీ పోస్టులో అసలు నేరం మసాలా కాదు, మూత. ఎవరూ పట్టించుకోలేదు గానీ అక్కడే చెడింది. కిలో ఖీమా ఒకేసారి బాణలిలో పడితే నీరు వదులుతుంది, మూత పెడితే ఆ నీరు ఎటూ పోదు. నీరున్నంత సేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎరుపెక్కడం బాగా సాగేది 140 డిగ్రీలు దాటాకే. అంటే మీరు తిన్నది ఉడికిన ఖీమా. ఉడికిన ఖీమాకు మసాలా కావాలి, ఒప్పుకుంటాను, లేకపోతే నీచు వాసన వస్తుంది. ఆ విషయంలో మీ అత్తగారి ముక్కు అబద్ధం చెప్పలేదు.

దోశ పెనం బాగా కాల్చండి. పావుకిలో చొప్పున వేసి అట్లకాడతో అదిమి, రెండు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. అడుగు ఎర్రబడ్డాకే తిప్పి చిదమండి. లోపల పచ్చి లేకుండా చూసుకోండి, ఖీమాకు 71 డిగ్రీలు తగలాలంటారు. కొట్టువాడితో కొంచెం కొవ్వు కలిపి కొట్టమని చెప్పండి, మరీ కొవ్వు లేనిదైతే రంపపు పొట్టులా ఉంటుంది.

చీజ్ విషయంలో ప్రాసెస్డ్ చీజ్ స్లైసులే వాడండి, చిన్నచూపు వద్దు. బాగా ముదిరిన చెడ్డార్ చీజ్ వేడికి నూనె వదిలి విరిగిపోతుంది. 1911లో స్విట్జర్లాండ్‌లో ఇద్దరు చీజును సిట్రేట్ లవణంతో కలిపి కరిగించి, ఈ విరగడం ఆపారు. అమెరికాలో క్రాఫ్ట్ అనే చీజ్ వ్యాపారి తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నది 1916లో. బర్గర్ మీద జారే ఆ పసుపు పొర ఆ కుటుంబానిదే. మోజరెల్లా వేస్తే తీగలు సాగుతాయి, ఫోటోకి బాగుంటుంది, బర్గర్ రుచి మాత్రం రాదు. స్టవ్ కట్టేసి, పెనం మీదే వేడి ఖీమాపై స్లైసులు పరిచి కలిపేయండి.

టోలిచౌకి తిండిపోతు:
మూత మాట ఒప్పుకున్నా. మసాలా మాట ఒప్పుకోను.

వనస్థలిపురం పిన్ని:
నాయనా, మీరందరూ ఆ సీసాలో దోసకాయ ముక్కల కోసం సూపర్ మార్కెట్ల చుట్టూ తిరుగుతున్నట్టున్నారు. నాకొకటి అర్థం కాలేదు. బర్గర్‌లో వాళ్లు వేసేది ఏమిటి? పుల్లటి దోసకాయ, పక్కన ఆవపిండి సాస్. దోసకాయ, ఆవపిండి, పులుపు, ఉప్పు. దోసావకాయ కాక ఇంకేమిటది?

మా మనవడికి నేను అలాగే చేశాను. పుల్లగా ఉన్న పసుపు దోసకాయ చూసి, గింజలు తీసి, చేదు ఉందో లేదో ముక్క నోట్లో వేసుకుని చూడండి, ఇది మరిచిపోతే మొత్తం పారబోయాలి. చెక్కు తీయకుండా శనగగింజంత ముక్కలు కోసి ఆవపిండి, ఉప్పు కలపండి. కారం మామూలుగా వేసేదాంట్లో నాలుగో వంతు చాలు. నూనె ఒక్క చెంచా. వెల్లుల్లి వద్దు. మర్నాటికి ఊట వస్తుంది. ఆ ఊట వంచేసి ముక్కలు మాత్రం వేసుకోవాలి, లేకపోతే రొట్టె నానిపోతుంది. వంచిన ఊట పారేయకండి, వేడన్నంలో బాగుంటుంది.

ఆవపిండి వేడి మీద వేయకూడదని మీకు తెలిసే ఉంటుంది. ఆవ పెట్టిన కూరలో కూడా దించాకే కదా కలుపుతాం, పొయ్యి మీద పెడితే ఘాటు చచ్చిపోతుంది.

బోయిన్‌పల్లి బండి:
పిన్నిగారూ, పదేళ్లుగా బర్గర్లు అమ్ముతున్నాను, ఈ ముక్క నాకెప్పుడూ తట్టలేదు.

నాలుగో అంతస్తు:
బాగానే ఉంది గానీ రేపు ఎవరో మాగాయ అంటారు, ఎల్లుండి గోంగూర అంటారు. గీత ఎక్కడ గీస్తారు?

వనస్థలిపురం పిన్ని:
గోంగూర బర్గర్‌లో ఉండదు బాబూ, దోసకాయ ఉంటుంది. గీత అక్కడే ఉంది.

కూకట్‌పల్లి శాకాహారి:
మటన్ తినని మాకు దారి? మీల్ మేకర్ నానబెట్టి, గట్టిగా పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి పెనం మీద వెన్నతో వేయిస్తే ఎరుపు బాగానే వస్తోంది. కాకపోతే దానికి సొంత రుచి లేదు, ఉల్లిపాయ కొంచెం వేయించి కలపాల్సి వస్తోంది. గరం మసాలా వేస్తే మీల్ మేకర్ కూర అయిపోతుందని మా ఇంట్లో తేలిపోయింది, కాబట్టి నా ఓటూ బావమరిదికే.

సాస్ గురించి ఎవరూ అనలేదు. 2024 అక్టోబర్ చివర్లో మన తెలంగాణలో పచ్చిగుడ్డు మయొనైజ్ అమ్మకాన్ని ఏడాది పాటు ఆపారు గుర్తుందా? అప్పటి నుంచి మేము గుడ్డలో కట్టి నీరు వార్చిన పెరుగులో టమాటా కెచప్, చిటికెడు చక్కెర కలుపుతున్నాం. పనికొస్తోంది.

రొట్టెల రంగడు:
చపాతీ చిరిగిన మాట అందరూ వదిలేశారు, నాకు అదే ముఖ్యం. చపాతీ చిన్నది, ఏడంగుళాలు ఉంటే గొప్ప. బురిటో నాలుగు వైపులా మూయాలంటే పదంగుళాలు కావాలి. గోధుమపిండిలో తవుడు ఉంటుంది, సాగదు, చల్లారితే బిగుస్తుంది. రుమాలీ రోటీ పెద్దదే, కానీ మరీ పల్చన, చీజ్ తడి తగిలితే కిందనుంచి జారుతుంది. నేను రెండూ చేసి ఓడిపోయాను.

పని చేసింది ఇది: రెండు కప్పుల మైదా, ముప్పావు చెంచా ఉప్పు, మూడు పెద్ద చెంచాల నూనె లేదా డాల్డా. ముందు పిండిని కొవ్వుతో పొడిపొడిగా రుద్ది, తర్వాత వేడినీళ్లు కొద్దికొద్దిగా పోసి కలపాలి. అరగంట తడిగుడ్డ కింద పెట్టాలి, ఈ అరగంట ఎగ్గొడితే అప్పడాల కర్ర కింద రబ్బరులా వెనక్కి లాగుతుంది. ఆరు ఉండలు. బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు నలభై సెకన్లు, అంతే. పుల్కాలా పొంగించొద్దు. తీసిన వెంటనే గుడ్డలో చుట్టి పెడితే ఆవిరికి మెత్తబడి, మడిచినా చిరగదు.

ఉత్తర మెక్సికోలో గోధుమ ఎక్కువ, అందుకే అక్కడ ఈ రొట్టె, దాంతో బురిటో. అక్కడిది సన్నగా ఉంటుంది, లోపల ఒకటి రెండు రకాలే. అన్నం కూరి దిండులా చేసింది శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు. అందుకని మీ బావమరిది "కాదు" అనే మాట కొంచెం తగ్గించి వాడితే మంచిది. బురిటో అంటే స్పానిష్‌లో చిన్న గాడిద అని కూడా చెప్పండి.

టోలిచౌకి తిండిపోతు:
ఇన్ని రోజుల లొల్లి ఒక గాడిద గుడ్డు కోసమన్నమాట 😂

మియాపూర్ మనిషి:
రెండో ఆదివారం రిపోర్ట్. రంగడు గారి రొట్టెలు, పిన్నిగారి దోసావకాయ, పాలశాస్త్రం గారి పెనం. ఖీమా రెండు వాయిలుగా వేశాను. మొదటి వాయి అదిమి వదిలేస్తే మా అత్తగారు పక్కనే నిలబడి "మాడుతోంది, మాడుతోంది" అని మూడుసార్లు అన్నారు. తిప్పితే అడుగు జీడిపప్పు వేపుడు రంగులో ఉంది. ఆవిడ వంగి వాసన చూశారు. ఏమీ అనలేదు, గరం మసాలా డబ్బా మాత్రం తీసి పై అరలో పెట్టారు.

చీజ్ కరిగాక ఒక్కో రొట్టెలో రెండు గరిటెలు, ఉల్లి, దోసావకాయ ముక్కలు, పెరుగు సాస్. చుట్టి, మడత వైపు కిందికి పెట్టి పెనం మీద ఒక నిమిషం కాల్చాను, మడత అతుక్కుంది, ఒక్కటీ విడిపోలేదు. బావమరిది మొదటిది తిని "దగ్గరికొచ్చింది" అన్నాడు. రెండోది అడిగినప్పుడు దోసావకాయ ఎక్కువ వేయమన్నాడు. అత్తగారు "ఉప్పు సరిపోయింది" అన్నారు. ఆవిడ తెలిసినవాళ్లకు ఆ మాట విలువ తెలుసు. తర్వాత తన ప్లేట్లో పచ్చిమిర్చి తరుగు చల్లుకున్నారు, ఎవరి ప్లేట్ వారిది కాబట్టి ఊరుకున్నాను.

నాలుగు మిగిలాయి. రేపు ఆఫీస్ బాక్స్‌లో పెట్టుకోవచ్చా?

పాలశాస్త్రం:
చుట్టేసినవి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున పెనం మీద మూత పెట్టి సన్నని మంట మీద లోపలిదాకా వేడి చేయండి. ఈసారి మూతకు నా అనుమతి ఉంది.

వనస్థలిపురం పిన్ని:
ఇంకోసారి మర్నాటి కోసం చుడితే దోసావకాయ లోపల పెట్టకు నాయనా, నీరు ఊరుతుంది. చిన్న డబ్బాలో వేరుగా తీసుకెళ్లు.