మెల్లగా ఉరికినా వాచీలో 172 చూపిస్తోంది, ఏం చేయాలి?

హన్మకొండ టీచర్:
నాకు 46 ఏళ్లు. మూడు నెలల నుంచి పొద్దున్నే భద్రకాళి బండ్ మీద ఉరుకుతున్నాను, ఆదివారం మాత్రం జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి (జేఎన్‌ఎస్) పోతాను. పోయిన నెల హార్ట్ రేట్, జీపీఎస్ రెండూ ఉన్న వాచీ కొన్నాను, అప్పటి నుంచి నిమ్మళం లేదు. మా బావమరిదితో ముచ్చట పెట్టుకుంటూ మెల్లగా ఉరుకుతున్నా 170, 172 చూపిస్తోంది. 220లోంచి వయసు తీసేస్తే నాకు గుండె వేగం గరిష్ఠం నిమిషానికి 174 అంటున్నారు, అంటే రోజూ చివరి అంచున ఉరుకుతున్నట్టేనా? మా ఇంటావిడ ఆ అంకె చూసి ఉరకడమే మానేయమంటోంది. ఇంకోటి, స్టేడియంలో నాలుగు రౌండ్లకు 1600 మీటర్లు రావాలి కదా, వాచీలో 1690 వస్తోంది. వాచీ ఖరాబైందా, తేడా నాలోనే ఉందా?

కాజీపేట రన్నర్:
అన్నా, నువ్వు రాసిన దాంట్లో "ముచ్చట పెట్టుకుంటూ" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. 174 గరిష్ఠం ఉన్న మనిషి గుండె నిజంగా 172 కొడుతుంటే ముచ్చట కాదు, రెండు మాటలు కూడా పూర్తిగా రావు. నా అనుమానం ఏంటంటే, అది నీ అడుగుల లెక్క. చేతి వాచీ చర్మం మీద పచ్చ లైటు వేసి, లోపల రక్తం పారే తీరును బట్టి గుండె వేగం లెక్కగడుతుంది. పట్టీ వదులుగా ఉండి ఉరుకుతున్నప్పుడు చెయ్యి ఊగితే, ఆ ఊపునే గుండె చప్పుడు అనుకుంటుంది. రేపు ఒక నిమిషం పాటు కుడి కాలు ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కపెట్టి, రెట్టింపు చెయ్. 170 దగ్గర వస్తే దొంగ దొరికినట్టే. తర్వాత ఆగీ ఆగగానే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు కొట్టుకునేది లెక్కపెట్టు, నాలుగుతో హెచ్చించు. ఆలస్యం చేయొద్దు, ఆగాక వేగం తొందరగా పడిపోతుంది.

వాచీని మణికట్టు ఎముక మీద కాకుండా వేలెడు పైకి జరిపి బిగించు. అప్పటికీ కుదరకపోతే ఛాతీకి కట్టుకునే పట్టీ తీసుకో, అది గుండె నుంచి వచ్చే కరెంటు సిగ్నల్‌నే పట్టుకుంటుంది కాబట్టి చెయ్యి ఊపుతో పని లేదు. కట్టుకునే ముందు లోపలి వైపు నీళ్లతో తడపాలి, నేను ఇది తెలియక నెల రోజులు పొడిగా కట్టుకుని మొదటి పది నిమిషాల అంకెలు చూసి కంగారు పడేవాణ్ణి.

జేఎన్‌ఎస్ పొద్దుటి బ్యాచ్:
సార్, ఏ లైన్‌లో ఉరుకుతున్నారు? 400 మీటర్లు అనేది లోపలి మొదటి లైన్‌కే. బయటికి జరిగిన కొద్దీ లైన్‌కు ఏడు మీటర్ల పైన పెరుగుతుంది, నాలుగో లైన్‌లో ఒక రౌండ్ 422 మీటర్లు. నాలుగు రౌండ్లు వేస్తే మీ 1690 అక్కడికే వస్తుంది. వాచీ కంటే ట్రాక్‌ను నమ్మండి, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ ఇక్కడే జరిగింది, మహిళల 1500 మీటర్లలో హర్మిలన్ బైన్స్ 4:05.39తో జాతీయ రికార్డు కొట్టింది ఈ ట్రాక్ మీదే. మన ఊళ్లో అలాంటి కొలత ఉండగా దిగులెందుకు! ఇంకోటి, వాచీకి జీపీఎస్ దొరికిందని చూపించాకే పరుగు మొదలుపెట్టండి.

స్టాఫ్ నర్స్, సుబేదారి:
అన్నా, 220 లెక్క అందరికీ కలిపి వేసిన సగటు మాత్రమే, ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది. మీరు బీపీ గోళీలు వేసుకుంటారా? అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివైతే గుండె వేగాన్నే తగ్గిస్తాయి, అప్పుడు ఈ లెక్కలేవీ పనికిరావు. ఎండాకాలంలో అదే స్పీడుకు అంకె పెరగడం మామూలే, నీళ్లు తక్కువ తాగినా పెరుగుతుంది. కానీ ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, కళ్లు తిరిగినా, వాచీలో ఎంత మంచి అంకె ఉన్నా సరే అక్కడే ఆగి డాక్టర్ దగ్గరికి పోవాలి.

హన్మకొండ టీచర్:
అందరికీ థాంక్స్. ఈ రోజు కుడి కాలు లెక్కపెట్టాను, 86 వచ్చింది, రెట్టింపు చేస్తే సరిగ్గా 172! ఆగగానే మెడ దగ్గర చూస్తే 15 సెకన్లకు 35, అంటే 140. పట్టీ బిగించాక వాచీ కూడా 140కి అటూ ఇటూగానే చూపించింది. స్టేడియంలో నేను ఉరికేది నాలుగో లైన్‌లోనే. నా బీపీ గోళీ ఆమ్లోడిపిన్ అట, చీటీ తీసి చూశాను, నర్సమ్మ చెప్పిన ఆ రెండు గోళీల్లోది కాదు. అయినా శనివారం డాక్టర్‌కు ఈ అంకెలన్నీ చూపిస్తాను, మా ఇంటావిడ కూడా వస్తానంది.