అప్‌డేట్: చలికి గడప దాటనన్న మా కుక్కపిల్ల

ఆదిలాబాద్ చలికి మా మూడు నెలల కుక్కపిల్ల బయటికి రాక ఇంట్లోనే పోస్తోందని రెండు వారాల కింద అడిగాను కదా, ఇప్పుడు చాలా నయం.

తిన్న పావుగంటకు, నిద్ర లేవగానే ఎత్తుకుని తీసుకెళ్తున్నా. నడిపిస్తే మెట్ల మీదే కానిచ్చేసేది! వాకిట్లో ఓ మూల గోనెసంచి పరిచాను. చల్లటి బండ మీద కాలు పెట్టనిది, దాని మీద వెంటనే కూర్చుంటోంది. పని అవ్వగానే అక్కడే ఉడికించిన చికెన్ ముక్క. ఇంతకుముందు ఇంట్లోకొచ్చాక ఇచ్చేదాన్ని, ఎందుకిచ్చానో దానికేం తెలుస్తుంది? తప్పు నాదే.

లోపల పోసిన చోట వాసన పోయేలా నీళ్లలో వెనిగర్ కలిపి తుడుస్తున్నా. రాత్రి మూడింటికి మాత్రం లేవక తప్పట్లేదు. అమ్మ పాత స్వెట్టర్ కత్తిరించి తొడిగితే, గంటలో కొరికి పారేసింది. మూడు రోజులుగా ఇల్లు పొడిగానే ఉంది.