ఊరి గ్రౌండ్‌లో ఆర్మీ ప్రాక్టీసు కోర్సు: గోడ 6 అడుగులు పెట్టాలా, 4 చాలా?

టెక్కలి_రన్నర్:
మాది శ్రీకాకుళం జిల్లా. అగ్నివీర్ ర్యాలీకి (ఆర్మీ సెలెక్షన్‌కి) వెళ్లే కుర్రాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. అందరం చందాలు వేసుకుని హైస్కూల్ పక్క ఖాళీ జాగాలో ప్రాక్టీసు కోర్సు కట్టిద్దామనుకుంటున్నాం. బీములు (పుల్‌అప్స్ తీసే కడ్డీలు), 9 అడుగుల డిచ్ (దూకి దాటే గొయ్యి), జిగ్‌జాగ్ బ్యాలెన్స్ (వంకర్లు తిరిగే సన్న చెక్క మీద నడక), 6 అడుగుల గోడ. హెడ్మాస్టరు గారేమో బడి పిల్లలు కూడా ఎక్కేస్తారు, గోడ 4 అడుగులు దాటొద్దు, డిచ్ అసలు తవ్వొద్దు అంటున్నారు. అసలు కొలత లేకపోతే కట్టడమే దండగ అని మావాళ్ల వాదన, నాదీ అదే. మీరేమంటారు?

మాజీ_హవల్దార్:
పూర్తి కొలతే పెట్టు తమ్ముడూ. 4 అడుగుల గోడని ఎవడైనా చెయ్యి ఆనించి దూకేస్తాడు, అందులో నేర్చుకునేదేం లేదు. 6 అడుగుల దగ్గర చేతి బలం కంటే కాలు ఎక్కడ వేస్తున్నావన్నది ముఖ్యం. పరుగు మీద వచ్చి, నడుము ఎత్తులో పాదం ముందుభాగాన్ని గోడకి గట్టిగా తన్నిపెట్టి, ఆ ఊపులోనే రెండు చేతులతో పైఅంచు అందుకోవాలి. చాలామంది గోడ దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గించేస్తారు, అక్కడే పోతుంది. తగ్గించేది భయంతోనే. ఆ భయం 4 అడుగుల దగ్గర పుట్టదు కాబట్టి అక్కడ ఎంత ప్రాక్టీసు చేసినా పోదు.

వ్యాయామం_టీచర్:
ముందు ఒకటి తేల్చుకుందాం. ర్యాలీలో గోడే లేదు. 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్, 9 అడుగుల డిచ్, జిగ్‌జాగ్, అంతే. డిచ్‌కీ జిగ్‌జాగ్‌కీ మార్కులు కూడా ఉండవు, దాటితే చాలు. 6 అడుగుల గోడ ఎన్‌సీసీ అబ్‌స్టాకిల్ కోర్సులో ఉంటుంది, సెలెక్ట్ అయ్యాక ట్రైనింగ్‌లో ఎలాగూ నేర్పుతారు. కాబట్టి డబ్బు తక్కువైతే ముందు డిచ్ మీద పెట్టండి.

ఇక ఎత్తు గురించి. అందరూ ఎత్తు గురించే కొట్టుకుంటున్నారు గానీ దెబ్బలు తగిలేది దిగేచోట. అమెరికాలో పిల్లల ఆటస్థలాలకి ఇచ్చిన భద్రతా పుస్తకం ప్రకారం 9 అంగుళాల ఇసుక దాదాపు 4 అడుగుల ఎత్తు నుంచి పడినప్పుడు మాత్రమే ఆదుకుంటుంది. అంటే 6 అడుగుల గోడ కట్టి, అవతల జానెడు ఇసుక పోసి పని అయిపోయిందనుకుంటే అవలేదు. ఇసుక కూడా నది ఇసుకే కావాలి, వంశధార మీకు దగ్గరే కదా. ఎమ్‌శాండ్‌లో (రాయి పగలగొట్టి చేసే ఇసుకలో) పొడి ఎక్కువ, గింజ కోసుగా ఉంటుంది, నాలుగు వానలు పడి ఎండ కాస్తే గచ్చులా బిగుసుకుపోతుంది. నది ఇసుకనైనా వారానికోసారి పారతో తిరగెయ్యాల్సిందే. ఆ పని ఎవరిదో కట్టకముందే పేరు రాసుకోండి, లేకపోతే రెండు నెలలకి ఎవరూ చెయ్యరు. రాత్రిళ్లు అక్కడ చేరి తాగేవాళ్లు ఉంటే పొద్దున్నే గాజు పెంకులు కూడా ఏరాలి.

డిచ్‌కి సిమెంటు అంచు కట్టొద్దు. దూకు చాలకపోతే మోకాలి కింద ఎముక సరిగ్గా ఆ అంచుకే తగులుతుంది, చర్మం లేచిపోతుంది. మట్టి అంచే ఉంచి, విరిగినప్పుడల్లా తడిపి కొట్టుకోండి. ఇంకో సంగతి, గొయ్యిని చదరంగా తవ్వకండి. ఒక చివర వెడల్పు 6 అడుగులు, అవతలి చివర 10 అడుగులు వచ్చేలా ఏటవాలుగా తవ్వితే కొత్తవాడు సన్నచోట మొదలుపెట్టి వారం వారం పక్కకి జరుగుతాడు. గోడా అంతే, 4, 5, 6 అడుగులు మెట్టుమెట్టుగా ఒకే వరసలో కట్టొచ్చు. హెడ్మాస్టరు గారు అడిగిందీ మీరు అడిగిందీ రెండూ ఒకే గోడలో వస్తాయి.

మాజీ_హవల్దార్:
మేడమ్ గారూ, ఇసుక విషయంలో మీ మాటే నా మాట. మెట్టు గోడ మాత్రం వద్దు. సులువు దారి పక్కనే ఉంటే అలసిపోయినవాడి కాలు అటే పోతుంది. ట్రైనింగ్‌లో పక్కన ఇంకో దారి ఉండదు.

వ్యాయామం_టీచర్:
ట్రైనింగ్‌లో పక్కన ఉస్తాద్ (నేర్పేవాడు) ఉంటాడండీ, ఫస్ట్ ఎయిడ్ ఉంటుంది. ఇక్కడ పొద్దున్నే ఐదింటికి చీకట్లో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు నలుగురే ఉంటారు. మడమ విరిగితే వాడికి ఆ ఏడు ర్యాలీ లేనట్టే. వయసు దాటిపోయే ఉద్యోగం ఇది, ఒక్క ఏడు పోతే ఎంత నష్టమో మీకు నేను చెప్పాలా.

సైట్_ఇంజనీర్:
గోడ ఎంత ఎత్తయినా సరే, నాలుగున్నర అంగుళాల మందం గోడ కట్టొద్దు. ఖర్చు తగ్గుతుందని మేస్త్రీ అదే చెప్తాడు. ఇది కాంపౌండ్ గోడ కాదు, రోజూ పదిమంది పరిగెత్తుకొచ్చి తంతారు, పైఅంచు పట్టుకుని వేలాడతారు. అటూ ఇటూ ఏ ఆసరా లేకుండా నిలబడే గోడ కాబట్టి 9 అంగుళాల మందం గోడ, రెండు చివర్లా పిల్లర్లు, కింద సరైన పునాది ఉండాలి. పైన కాంక్రీటు వేసి అంచులు గుండ్రంగా నున్నగా తీయించండి, లేకపోతే అరచేతులు కోసుకుపోతాయి. జిగ్‌జాగ్ చెక్కకి ఉత్త ఆయిల్ పెయింట్ వేస్తే మంచుకే జారుతుంది, పెయింట్ తడిగా ఉండగానే సన్న ఇసుక చల్లండి. తాడు నిచ్చెన పెట్టే ఆలోచన ఉంటే బడి పిల్లల తల ఇరుక్కోకుండా చూసుకోండి, 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య సందులు ప్రమాదం.

టెక్కలి_రన్నర్:
ర్యాలీలో గోడ లేదన్న సంగతి మాలో సగం మందికి తెలీదు మేడమ్, థాంక్స్. ఏటవాలు డిచ్ అందరికీ నచ్చింది, హెడ్మాస్టరు గారు కూడా సరే అన్నారు. గోడ దగ్గరే ఇంకా గొడవ. మెట్టు గోడ అయితే ఖర్చు కూడా పెరిగేలా ఉంది.

మాజీ_హవల్దార్:
సరే, మెట్టు గోడే కట్టు తమ్ముడూ, కాలు విరిగిన కుర్రాడి సంగతి మేడమ్ గారు చెప్పాక నేను మొండికెయ్యను. ఒక్క షరతు. పని 6 అడుగుల వైపు నుంచి మొదలుపెట్టించు. చందా డబ్బు మధ్యలో అయిపోతే 4 దగ్గర మొదలైన గోడ 4 దగ్గరే ఆగిపోతుంది. ఇసుక వచ్చేదాకా ఆ వైపు ముళ్లకంప అడ్డం వేసి ఉంచండి.