లండన్‌లో విశాఖ ఉక్కు కోసం నిరసన: పోలీసులకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

గాజువాక:
విశాఖ ఉక్కులో 100 శాతం వాటా అమ్మకానికి కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, కానీ సొంత గనుల డిమాండు అలాగే ఉండిపోయింది. దీనిమీద లండన్‌లో ఒక శనివారం నిరసన పెట్టాలనుకుంటున్నాం. 80 మంది దాకా వస్తారు, సగం మంది స్టూడెంట్ వీసా వాళ్లే. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి ఆల్డ్‌విచ్‌లో ఉన్న భారత హైకమిషన్ భవనం ఇండియా హౌస్‌కు నడిచి వెళ్లి వినతిపత్రం ఇవ్వాలని అనుకున్నాం. అనుమతి ఎవరిని అడగాలి? వీసాకు ఏమైనా చిక్కా? వంటావార్పు, దిష్టిబొమ్మ దహనం లాంటివి కుదురుతాయా?

టేమ్స్ గట్టు:
నడుస్తారా, నిలబడతారా అన్నది ముందు తేల్చుకోండి. మిగతావన్నీ దానిమీదే ఆధారపడతాయి. ఒకచోట నిలబడి చేసే నిరసనకు ముందస్తు నోటీసు ఇవ్వాలని చట్టం అడగదు. ఊరేగింపైతే 1986 పబ్లిక్ ఆర్డర్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కనీసం ఆరు పూర్తి రోజుల ముందు పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇచ్చిన రోజు, నడిచే రోజు ఈ లెక్కలోకి రావు. అంటే 14వ తేదీ శనివారం నడవాలంటే 7వ తేదీకల్లా నోటీసు వాళ్లకు చేరాలి. తేదీ, మొదలయ్యే సమయం, దారి, నిర్వాహకుల్లో ఒకరి పేరు, చిరునామా రాస్తే చాలు. ఇది సమాచారం ఇవ్వడమే, అనుమతి అడగడం కాదు. కానీ ఆ రోజు దారి మార్చినా, సమయం మార్చినా కేసు నిర్వాహకుడి మీదికే వస్తుంది.

ట్రఫాల్గర్ స్క్వేర్ లోపల గుమిగూడాలంటే మాత్రం గ్రేటర్ లండన్ అథారిటీ అనుమతి కావాలి. అందుకే చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. నన్నడిగితే 80 మందికి నడక అనవసరం, నేరుగా ఇండియా హౌస్ దగ్గర కలవండి. నోటీసు అక్కర్లేకపోయినా మెట్రోపాలిటన్ పోలీసులకు ఆన్‌లైన్ ఫారంలో చెప్పి ఉంచండి. 2023 మార్చిలో అక్కడ భారత జెండా లాగేసిన ఘటన తర్వాత ఆ భవనం మీద పోలీసుల కన్ను ఎక్కువగా ఉంటోంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. శనివారం హైకమిషన్‌కు సెలవు, వినతిపత్రం తీసుకోవడానికి ఎవరూ ఉండరు. జనం కావాలంటే శనివారం పెట్టుకోండి, కాగితం మాత్రం పని రోజున ఇద్దరు ముగ్గురు వెళ్లి ఇవ్వండి. ముందే ఈమెయిల్ కూడా పంపండి, రుజువుగా ఉంటుంది.

నల్లకోటు:
వీసా గురించి. శాంతియుతంగా నిరసన తెలిపే హక్కు ఇక్కడి పౌరులకే కాదు, విద్యార్థులకూ ఉంది. పాల్గొన్నంత మాత్రాన వీసా పోదు. చిక్కల్లా నేరం రుజువైనా, పోలీసుల ‘కాషన్’ (కోర్టుకు పంపకుండా, నేరం ఒప్పుకున్నాక ఇచ్చే అధికారిక హెచ్చరిక) ఒప్పుకొని సంతకం పెట్టినా వస్తుంది. వీసా పొడిగింపులోనూ, శాశ్వత నివాసానికీ ఆ రెండూ చెప్పాల్సిందే. కాబట్టి స్టేషన్‌లో ‘సంతకం పెట్టి వెళ్లిపో’ అంటే తొందరపడొద్దు, ఉచిత న్యాయవాదిని అడిగాకే ఏదైనా.

అదే 1986 చట్టం 14వ సెక్షన్ కింద పోలీసులు చోటు, సమయం, సంఖ్య మీద షరతులు పెట్టొచ్చు. ముందుగా పెడితే రాతలో ఇవ్వాలి. ఆ కాపీని ఫోటో తీసి గ్రూపులో అందరికీ పంపండి. ‘నాకు తెలియదు’ అంటే ఇప్పుడు చెల్లదు, తెలిసి ఉండాల్సింది అన్నా నేరమే.

మన పద్ధతుల్లో రాస్తారోకో వద్దే వద్దు, దారి అడ్డగించినందుకు జైలుశిక్ష కూడా ఉంది. దిష్టిబొమ్మ మోయొచ్చు, తగలబెట్టకూడదు. వంటావార్పు కూడా మానేయండి, పేవ్‌మెంట్ మీద మంట, సిలిండర్ కనబడితే ఆపేస్తారు. పులిహోర ఇంట్లో కలుపుకుని వచ్చి పంచండి. గొలుసులు, సైకిల్ తాళాలు సంచిలో ఉండనివ్వకండి. 2023 పబ్లిక్ ఆర్డర్ చట్టంలో ‘తనను తాను కట్టేసుకోవడానికి సామగ్రి’ ఆ ఉద్దేశంతో కలిగి ఉండటం విడిగా నేరం.

గాజువాక:
చాలా ధన్యవాదాలండీ. నిలబడే పద్ధతికే వెళ్తాం. అదే రోజు దుబాయ్, సింగపూర్ మిత్రులు కూడా పెడతామంటున్నారు.

జగిత్యాల వాసి:
దయచేసి ఆపండి. 2024 జులైలో యూఏఈలో తమ దేశ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధిలోకి వచ్చిన 57 మంది బంగ్లాదేశీయులకు శిక్షలు పడ్డాయి: ముగ్గురికి యావజ్జీవం, 53 మందికి పదేళ్లు, ఒకరికి 11 ఏళ్లు. సెప్టెంబరులో క్షమాభిక్ష దొరికింది గానీ, అన్నిసార్లూ అలా దొరుకుతుందని ఎవరు చెప్పగలరు? అక్కడ మనవాళ్లు నెల జీతం మీద బతికేవాళ్లు. సింగపూర్‌లోనూ పర్మిట్ లేకుండా విదేశీయులు పాల్గొనకూడదు, నిరసనలకు కేటాయించిన హాంగ్ లిమ్ పార్కులో కూడా. లండన్ పోస్టరు మీద ‘అన్ని నగరాల్లో ఒకేరోజు’ అని వేయకండి. గల్ఫ్ వాళ్లున్న వాట్సాప్ గ్రూపులకు దాన్ని పంపకండి కూడా.

టేమ్స్ గట్టు:
మైకు సంగతి మరిచాను. రాత్రి 9 నుంచి ఉదయం 8 దాకా వీధిలో లౌడ్‌స్పీకర్ నిషేధం. పగలు చేతి మెగాఫోన్ ఒక్కటి చాలు, డప్పు ఒకటో రెండో. 80 మందికి ఎనిమిది మంది వాలంటీర్లు, పసుపు జాకెట్లతో. వాళ్లలో ఇద్దరి పని పేవ్‌మెంట్ మీద నడిచేవాళ్లకు దారి ఖాళీగా ఉంచడమే, పోలీసులకు మొదట కోపం తెప్పించేది అదే. ప్లకార్డులకు కర్రలు వద్దు, అట్టగొట్టాలు వాడండి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిషు రాయండి. రోడ్డు మీద పోయేవాడికి ‘విశాఖ ఉక్కు’ అంటే ఏమిటో రెండు ముక్కల్లో తెలియాలి. చందా డబ్బా మాత్రం పెట్టకండి, వీధి వసూళ్లకు వేరే అనుమతి కావాలి.